వెండిగాలి వయసు ధ్రువీకరణ

కళ్ళద్దాల దుకాణం, వెనక గది
జూన్ 2

అమ్మమ్మకు నీ పిచ్చుక నమస్కారాలు.

ముందే చెప్తున్నాను, ఈ ఉత్తరంలో తప్పులుంటే ఎర్రసిరాతో దిద్ది తిరిగి పంపొద్దు. పోయినసారి పంపావు కదా, మా ఇంటి ఓనరమ్మ చూసి, "పరీక్ష పోయిందా అమ్మా? సెప్టెంబర్లో మళ్ళీ కట్టొచ్చులే" అని నన్ను ఓదార్చింది.

కొత్త ఉద్యోగం బాగుంది. రోజుకు నలభై అద్దాలు అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తున్నాను. ఊరూ బాగుంది. రైలు దిగగానే ప్లాట్‌ఫారం మీద చిన్నమ్మమ్మ గొంతు పలకరించింది. ఆవిడ రిటైరై పదమూడేళ్ళయినా ఈ లైన్లోని స్టేషన్లన్నిటా ఇంకా ఆ పాత రికార్డుతోనే బండ్ల రాకపోకలు చెప్పిస్తున్నారు. "ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని ఎంత శ్రద్ధగా అంటుందో! ఆవిడ చింతిస్తుంటే బండి ఇంకో అరగంట లేటైనా ఫరవాలేదనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. ఆదివారం మధ్యాహ్నాలు నలుగురం ఒక బల్ల చుట్టూ చేరి ఒక ఆట ఆడుతున్నాం. పేకాట కాదు, కంగారుపడకు. ఒకాయన కథ నడుపుతాడు, మిగతా ముగ్గురం ఆ కథలో తలొక పాత్ర. మన పాత్ర ఏం చేస్తుందో మనం చెప్పాలి, ఆ పని అయిందో బెడిసికొట్టిందో ఇరవై ముఖాల పాచిక చెప్తుంది. కథ నడిపే ఆయన మామూలు రోజుల్లో పళ్ళ డాక్టరు. మేం ఆటపెద్ద అంటాం. ఒక బస్సు కండక్టరు మంత్రగాడి వేషం. ఒక రిటైరైన ఆవిడ డ్వార్ఫ్, అంటే గనుల్లో ఉండే పొట్టి గడ్డాల జాతి. నేను ఎల్ఫ్‌ని. ఎల్ఫ్‌లంటే అడవుల్లో ఉండే మొనచెవుల జాతి. ఏడొందల ఏళ్ళు బతుకుతారు, ఎవరినీ ఖాతరు చెయ్యరు. నా ఎల్ఫ్ పేరు వెండిగాలి. వయసు మూడువందల పన్నెండు.

ఆ వెండిగాలి పూర్వకథ రాసుకు రమ్మన్నారు. "అడవిలో పుట్టింది. అమ్మానాన్న లేరు. పగ తీర్చుకోవాలి" అని రాసుకెళ్ళాను. ఆటపెద్ద చదివి, "మూడొందల ఏళ్ళ బతుక్కి మూడు లైన్లా? నూరేళ్ళకొకటా?" అన్నాడు. డ్వార్ఫావిడ అందుకుని, "మిగిలిన పన్నెండేళ్ళు మూతి ముడుచుకుని కూర్చుందేమోలెండి" అంది. పరువు పోయింది. మనుషుల పుట్టుపూర్వోత్తరాలు రాయడంలో నిన్ను మించినవాళ్ళు లేరు కదా. నువ్వే రాసిపెట్టాలి.

ఇంకో మాట. చిన్నమ్మమ్మకు గొంతులో గడ్డ. ఆగస్టు 29, శుక్రవారం ఆపరేషను. తర్వాత మాట వస్తుందో రాదో చెప్పలేనన్నాడు డాక్టరు. నీకు చెప్పమని ఆవిడ అనలేదు. చెప్పొద్దనీ అనలేదు. ఆ కేకు గొడవ జరిగి తొమ్మిదేళ్ళయింది అమ్మమ్మా.

నీ
పిచ్చుక


మేడమీది గది, కిటికీ పక్క బల్ల
జూన్ 9
లేఖ నం. 1

చిరంజీవి పిచ్చుకకు ఆశీస్సులు.

నీ ఉత్తరంలో తప్పులు పదకొండు. దిద్ది నా దగ్గరే ఉంచాను. వచ్చినప్పుడు చూసుకో.

నువ్వు అడిగిన పని నేను చేయను. ముప్పై అయిదేళ్ళు జనన మరణ రిజిస్ట్రారుగా పనిచేశాను. పుట్టినవాళ్ళనే సాక్ష్యం లేకుండా నమోదు చేయలేదు, పుట్టనివాళ్ళను ఎలా చేస్తాను? అయితే నిరాకరించే ముందు దరఖాస్తు పూర్తిగా చదవడం మా శాఖ పద్ధతి. కాబట్టి కొన్ని వివరాలు పంపు.

ముందుగా, ఆ మాట ఎల్ఫ్ కాదు, ఎల్ఫు. మాటను హల్లు మీద వదిలేస్తే మెట్టు దిగబోయి కాలు గాల్లో ఉండిపోయినట్టు ఉంటుంది. మూడువందల పన్నెండు ఏళ్ళు అన్నది ఎవరు చెప్పారు? నిండాయా, నడుస్తున్నాయా? ఎల్ఫులకు మైనారిటీ ఎప్పుడు తీరుతుంది? ఏడువందల ఏళ్ళు బతికే స్త్రీకి సగటున ఎందరు పిల్లలు? ఇద్దరికి మించితే ఆ అడవిలో ఈపాటికి చెట్టుకు నలుగురు వేలాడుతూ ఉండాలి. వెండిగాలి అన్న పేరు ఎవరు పెట్టారు? వెండి గాలి తగిలితే నల్లబడుతుందని ఆ పెట్టినవారికి తెలుసా?

నీ చివరి పేరాలోని సమాచారం చేరింది.

అందులో "కేకు గొడవ" అని రాశావు. అది గొడవ కాదు, సవరణ. ఆవిడ పుట్టినరోజు విందుకు నేను కానుక పట్టుకెళ్ళాను. ఆవిడ జనన నమోదుకు ధ్రువీకృత నకలు, ఉద్యోగంలో ఉండగా నేను స్వహస్తంతో రాసి తీసింది, టేకు ఫ్రేము కట్టించి. ఒక మనిషికి ఇంకో మనిషి అంతకంటే విలువైన కానుక ఇవ్వలేరు. అక్కడ కేకు మీద అరవై అని రాసి ఉంది. నకలు ప్రకారం అరవై రెండు. "కేకు తప్పు" అన్నాను. ఆ సమయానికి మైకు నా చేతిలో ఉండడం యాదృచ్ఛికం. ఎనభై మంది అతిథులు నవ్వడం వారి ఇష్టం. ఆ రోజు నుంచి ఆవిడ నాతో మాట్లాడలేదు. నేను పట్టుకున్న కుందేలుకు మూడే కాళ్ళని మీ అమ్మ అంటుంది. నేను లెక్కపెట్టే పట్టుకున్నాను. నాలుగు.

ఇట్లు
అమ్మమ్మ


అద్దె గది, మెట్ల కింద
జూన్ 16

అమ్మమ్మా,

నిరాకరిస్తూ ఇన్ని ప్రశ్నలు వేసినవాళ్ళను నేను ఎక్కడా చూడలేదు. జవాబులు రాస్తున్నాను.

ఎల్ఫ్‌లు (సరే, ఎల్ఫులు) నూరేళ్ళు నిండితేగానీ పెద్దవాళ్ళ కింద లెక్క కాదు. అప్పటిదాకా చిన్ననాటి పేరు, నూరేళ్ళప్పుడు తమకు తామే కొత్త పేరు పెట్టుకుంటారు. వాళ్ళలో రకాలున్నాయి: ఉన్నత ఎల్ఫులు, వన ఎల్ఫులు, చీకటి ఎల్ఫులు. నేను ఉన్నతం తీసుకున్నాను. పిల్లలు బాగా తక్కువ. వాళ్ళు నిద్రపోరు. రోజుకు నాలుగు గంటలు కళ్ళు మూసుకుని నిటారుగా కూర్చుని పాత సంగతులన్నీ ఒక్కొక్కటే తలుచుకుంటారు. తొందరగా స్నేహం చెయ్యరు, కోపం వస్తే తొందరగా వదలరు. ఒక ఎల్ఫు పక్క చెట్టు ఎల్ఫుతో రెండొందల ఏళ్ళు మాట్లాడలేదని ఆటపెద్ద పుస్తకంలో ఉంది. క్షమాపణకు వాళ్ళ భాషలో మాటే లేదని కూడా ఉంది.

ఇది చదివి వినిపిస్తే డ్వార్ఫావిడ, "ఇందులో వింతేముంది? మా ఇంట్లో ఒక ఎల్ఫు ఉంది. చెవులు మామూలుగానే ఉంటాయి" అంది. కండక్టరైతే పడీపడీ నవ్వాడు. ఆవిడ పాత్ర పేరు గునపం. పేరుకు తగ్గట్టే తవ్వుతుంది.

నువ్వొకసారి రాకూడదూ? రైలుకు మూడు గంటలే. పోయినేడు నా చదువు అయినప్పుడు కూడా రైలుండగా మా కాలేజీకి ఏడు గంటలు బస్సులో పడి వచ్చావు. ఎందుకమ్మమ్మా ఆ బస్సు మోజు?

చిన్నమ్మమ్మ గొంతు కాస్త బొంగురుపోయింది. మాట్లాడటం తగ్గించమన్నారు. ఆవిడ తగ్గించలేదు.

పిచ్చుక


మేడమీది గది
జూన్ 30
లేఖ నం. 2

చిరంజీవి పిచ్చుకకు,

తప్పులు ఏడు. మెరుగు.

బస్సులో కాళ్ళు చాపుకోవచ్చు. అందుకని.

నీ ఎల్ఫుల గురించి ఆలోచించాను. నూరేళ్ళకు మేజరు అన్న నిబంధన చదివి నాకు ఆశ్చర్యం కలగలేదు. ముప్పై ఏళ్ళ మగవాళ్ళు తమ పిల్లల జననం నమోదు చేయించడానికి అమ్మను వెంటబెట్టుకు వచ్చి, పుట్టిన తేదీ ఆవిడను అడిగి చెప్పేవారు. మీ పుస్తకం వాళ్ళకు ఇంకో డెబ్బై ఏళ్ళు గడువిచ్చింది, అంతే. ఉన్నత, వన, చీకటి అని మూడు రకాలన్నావు. ముగ్గురి చెవులూ ఒకే ఆకారం కదా? మరి ఎవరు ఉన్నతమో తేల్చింది ఎవరు? ఉన్నత ఎల్ఫులే అయి ఉంటారు. నాలుగు గంటలు కళ్ళు మూసుకుని కూర్చుని పాత సంగతులు తలుచుకోవడం ఒక ప్రత్యేక శక్తి అన్నావు. రిటైరైనప్పటి నుంచి నేను చేస్తున్నది అదే. దాన్ని మా డాక్టరు నిద్ర పట్టకపోవడం అంటాడు, ఒక మాత్ర రాస్తాడు.

నిరాకరణ అలాగే ఉంది. కానీ కాగితం వృథా కాకూడదని ఈ కింది వివరాలు నింపాను. వీటిని నేనే రాశానని ఆ బల్ల దగ్గర చెప్పవద్దు.

వెండిగాలి, ఉన్నత ఎల్ఫు. చిన్ననాటి పేరు కందిరీగ.
0–100: బాల్యం. తోటి పిల్లలు ఆకులు లెక్కపెట్టడంలో చేసిన తప్పులను దిద్దింది. కృతజ్ఞత పొందలేదు.
100: స్వయంగా పేరు మార్పు. రుజువులు జతపరచడమైనది.
100–209: విలువిద్య, లిపి, మర్యాద. మూడింటా ఉత్తీర్ణత.
209–211: జబ్బు. రెండేళ్ళు మంచం దిగలేదు. కోలుకుంది.
212: అరణ్య నమోదు శాఖ ప్రవేశ పరీక్ష. సొంతంగా చదువుకుని ప్రథమ స్థానం.
212–303: చెట్ల జనన మరణాల నమోదు. తప్పులు: సున్నా.
303–312: చెప్పుకోదగ్గది లేదు.

ఆగస్టు 29 శుక్రవారమేనని క్యాలెండరులో సరిచూశాను. నువ్వు రాసింది సరైనదే.

అమ్మమ్మ


కళ్ళద్దాల దుకాణం
జూలై 7

అమ్మమ్మా, అమ్మమ్మా,

నిన్న చదివాను. ఆటపెద్ద ఇరవై ఏళ్ళుగా ఈ ఆట నడుపుతున్నాడట. "ఇంత నిజమైన ఎల్ఫును నేను చూడలేదు. ఈ మనిషిని చూస్తే నాకే భయమేస్తోంది" అన్నాడు. 'కృతజ్ఞత పొందలేదు' దగ్గర కండక్టరు చప్పట్లు కొట్టాడు. ఆయన కూడా జనం చిల్లర లెక్కలు దిద్దుతూ ఉంటాడు కదా.

గునపం ఒక్కతే నవ్వలేదు. కాగితం తీసుకుని రెండుసార్లు చదివింది. తర్వాత సరిగ్గా ఈ మాటలే అంది, నేను రాసుకున్నాను:

"ఏమ్మా ఎల్ఫూ, రెండు డౌట్లు. రెండేళ్ళు మంచం దిగని మనిషి సొంతంగా ఎలా చదువుకుంది? పుస్తకం ఎవరు పట్టుకున్నారు? పేజీ ఎవరు తిప్పారు? ఇక చివరి తొమ్మిదేళ్ళు. చెప్పుకోదగ్గది లేదా, చెప్పుకోబుద్ధి కాలేదా?"

జవాబు నువ్వే చెప్పాలి. ఈ నెలాఖరులోగా చెప్పకపోతే ఆటపెద్ద ఆ ఏళ్ళు కొట్టేస్తాడట. అప్పుడు వెండిగాలికి నమోదు శాఖ ఉద్యోగం ఉండదు, అడవిలో పుట్టగొడుగులు ఏరుకోవాలి.

ఇంకోటి. ఎల్ఫులకు సొంత భాష ఉండాలట. ఏదో ఒకటి కల్పించి పెట్టవూ?

పిచ్చుక

మరిచాను: చిన్నమ్మమ్మ ఇప్పుడు మెల్లగా మాట్లాడుతోంది. దగ్గరికి జరిగి వినాలి.


మేడమీది గది
జూలై 14
లేఖ నం. 3

చిరంజీవి పిచ్చుకకు,

ఆ గనులావిడకు నా మాటగా కాదు, వెండిగాలి మాటగా చెప్పు: దరఖాస్తులో లేని ప్రశ్నకు జవాబివ్వనక్కర లేదు. మా నమూనాలో పుట్టిన తేదీకి గడి ఉంది, పోయిన తేదీకి ఉంది. మధ్యలో పేజీ ఎవరు తిప్పారన్నదానికి గడి లేదు. గడి లేనిది రాయకపోవడం తప్పు కాదు. పుట్టగొడుగులు ఏరాల్సి వస్తే ఏరుతుంది. ఏరినవాటికి లెక్క కూడా రాస్తుంది.

పొట్టివాళ్ళకు దూరం కనపడదు గనుక దగ్గరివే తవ్వుతారని కూడా చెప్పు. వద్దు, ఇది చెప్పకు. కొట్టేశాను. చదవకు.

భాష సంగతి. కొత్తగా కల్పించాల్సిన పని లేదు. మేము చిన్నప్పుడు పెద్దవాళ్ళకు అర్థం కాకుండా మాట్లాడుకున్న భాష ఉంది. ప్రతి అక్షరం ముందూ "క" చేర్చాలి. "నీకు శుభం" అనాలంటే "కనీకకు కశుకభం". వేగంగా అంటే అడవిలో పక్షి అరిచినట్టే ఉంటుంది. నియమం అదొక్కటే. బహుశా నీ తరం వాళ్ళకు కొత్తగా ఉంటుంది.

మేము అంటే నేనూ మీ చిన్నమ్మమ్మా అని వేరే చెప్పనక్కర లేదు. సమాచారం కోసం చెప్తున్నాను.

అమ్మమ్మ

తా.క. మెల్లగా అంటే ఎంత మెల్లగా? నీ ఉత్తరంలో కొలత లేదు.


అద్దె గది
జూలై 28

అమ్మమ్మా,

కొట్టేసింది చదివేశాను, చెప్పేశాను కూడా. గునపం చాలాసేపు నవ్వింది. నవ్వీ నవ్వీ దగ్గొచ్చి మంచినీళ్ళు తాగాల్సి వచ్చింది. "ఎల్ఫు పలికింది, ఎల్ఫు పలికింది" అంటూనే ఉంది.

ఎల్ఫు భాష బల్ల దగ్గర చెప్పాను. కండక్టరుకు నాలుక తిరగలేదు. ఆటపెద్ద "కకకక" అని నత్తిపడి, పళ్ళ డాక్టరయ్యుండీ నాలుక కొరుక్కున్నాడు. గునపం మాత్రం కాగితం, పెన్ను అడిగి ఒక చీటీ రాసి, "మీ ఎల్ఫుకు పంపు" అంది. ఈ ఉత్తరంలో పెడుతున్నాను. మడత విప్పలేదు, ఒట్టు. సరే, విప్పాను.

కొలత అడిగావు. బల్లకు అవతలి పక్క కూర్చుంటే వినపడదు. పక్కన కూర్చుంటే వినపడుతుంది. చిన్నమ్మమ్మ సంగతి చెప్తున్నాను.

పిచ్చుక

[చీటీ]
ఉన్నత ఎల్ఫుగారికి, గునపం రాయునది.
మా గనుల్లో ఒక ఆచారం ఉంది. రాళ్ళ కింద పడ్డవాళ్ళను తవ్వి తీయడానికి ఎన్నేళ్ళు పడితే అన్నేళ్ళూ మా వయసులో కలుపుకోం. అవి మేం బతికిన ఏళ్ళు కావు, బయటపడ్డవాళ్ళవి. అందుకే మా కేకుల మీద అంకె తక్కువ ఉంటుంది. తప్పు రాసి కాదు.
అమ్మ కఉంకటే కఇకద్దకరికకీ కచెకరో కమొకట్టికకాకయ.


మేడమీది గది
ఆగస్టు 4
లేఖ నం. 4

పిచ్చుకకు,

చీటీలో చివరి వాక్యం నీకు అర్థమై ఉంటుంది: అమ్మ ఉంటే ఇద్దరికీ చెరో మొట్టికాయ. అందులో ఒక మాటకు "క" చేర్చలేదు. గమనించావా?

నేను నీకు చెప్పని నియమం అది. మేము ఆ భాషలో అమ్మను పిలుచుకుంటుంటే ఆవిడ విని, "నన్ను కాకుల్లో కలపకండే" అంది. అప్పటి నుంచి "అమ్మ" అన్న ఒక్క మాటను ముట్టుకోలేదు. ఈ మినహాయింపు ప్రపంచంలో ఇద్దరికి తెలుసు. రెండో మనిషి నేను.

ఆ బల్ల ఆటపెద్ద ఇంట్లో ఉందనుకున్నాను. ఎవరింట్లో ఉంది? ఎన్నాళ్ళ నుంచి? సూటిగా, తేదీలతో రాయి.

నువ్వు పుట్టక మునుపటి సంగతి ఒకటి నీకు చెప్పాలి. నాకు ఇరవై ఒకటో ఏట వెన్నుపూసకు జబ్బు చేసింది. నడుం నుంచి మెడ దాకా పట్టీ వేసి పడుకోబెట్టారు. పుస్తకం పట్టుకోవడానికి వీల్లేదు, తల తిప్పడానికి వీల్లేదు. మీ చిన్నమ్మమ్మ అప్పుడు కాలేజీలో ఉంది. మానేసింది. నా మంచం పక్క ముక్కాలి పీట వేసుకుని కూర్చుని రిజిస్ట్రారు పరీక్ష పుస్తకాలు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా గట్టిగా చదివింది. నిబంధనలు, ఉపనిబంధనలు, అధోజ్ఞాపికలు అన్నీ. నాకు ఒక్కసారి వింటే పట్టేది కాదు. మూడుసార్లు చదివేది. నేను అక్షరం పొల్లుపోకుండా చెప్పగలిగిన ప్రతి నిబంధనా నా తలలో ఆవిడ గొంతుతోనే ఉంది. ప్రథమ స్థానం వచ్చింది నాకు. చదివి చదివి గొంతు పదునెక్కి ఆవిడకు స్టేషన్లో ఉద్యోగం వచ్చింది. కాలేజీ మాత్రం తిరిగి రాలేదు.

ఇది నాకు తెలియని సంగతి కాదు. కానీ నమోదు చేయని సంగతి. ఆవిడ కేకు మీద రెండేళ్ళు ఎందుకు తగ్గాయో నేను ఒక్కసారీ అడగలేదు. ఆడవాళ్ళు వయసు దాస్తారన్న చవకబారు మాటకు ఎనభై మందితో పాటు నేనూ తలూపాను. అదీ మైకులో.

సొంతంగా చదువుకుంది అని రాశాను చూడు. అది తప్పు. సున్నా అని రాసినచోట ఒకటి వేసుకో.

అమ్మమ్మ


చిన్నమ్మమ్మ ఇల్లు, ముందు గది
ఆగస్టు 11

అమ్మమ్మా,

దొరికిపోయాను. తేదీలతో రాస్తున్నాను.

మే 25, ఆదివారం: మొదటిసారి ఈ ఇంటికి వచ్చాను. ముందు గదిలో బల్ల, పాచికలు, ఆటపెద్ద, కండక్టరు. చిన్నమ్మమ్మ నాలుగేళ్ళుగా వాళ్ళతో ఆడుతోందట. రిటైరయ్యాక మాట్లాడే పని లేక ఇంట్లో గోడలకు బండ్ల టైములు చెప్పేదట. ఆటపెద్ద దగ్గర పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, నోట్లో దూది ఉండగానే ఈ ఆట గురించి అడిగిందట. "నువ్వు ఎల్ఫు తీసుకో, ఆ పూర్వకథ రాయగల మనిషి ఒక్కతే ఉంది" అని నాకు చెప్పింది తనే. మూడు లైన్ల పూర్వకథ కూడా కావాలని రాసిందే. అంత చెత్తగా నేను రాయను అమ్మమ్మా.

ఇంకో సంగతి చెప్పొద్దంది. చెప్తాను. నువ్విచ్చిన ఆ టేకు ఫ్రేము ఇక్కడే ఉంది. ఎక్కడో దాచిందనుకున్నాను. దాచలేదు. ఆట బల్లకు ఎదురుగా గోడకు ఉంది. "తీసి అవతల పడేయక ఎందుకు పెట్టుకున్నావ్?" అనడిగాను.

"మా అక్క దస్తూరీ అందులోనే ఉందే" అంది. "తొమ్మిదేళ్ళలో దాని రాత ఇంకెక్కడ చూస్తాను?"

ఇప్పుడు గుసగుసలా వస్తోంది మాట. మొన్న ఆటలో గునపానికి కొండ కింద అరవాల్సిన పని పడింది. పాచికలో ఇరవై పడింది, అంటే పూర్తి విజయం. అరవడానికి నోరు తెరిచింది, గాలి వచ్చింది. కండక్టరు లేచి, "నేనరుస్తా, గునపం తరఫున" అని బస్సులో అరిచినట్టు అరిచాడు. పక్కింటివాళ్ళు స్టాపు వచ్చిందనుకున్నారు. అందరం నవ్వాం. చిన్నమ్మమ్మ కూడా. చప్పుడు లేదు.

ఆపరేషనుకు ముందు ఆఖరి ఆట ఆగస్టు 24, ఆదివారం, మధ్యాహ్నం రెండింటికి. వెండిగాలిని ఇక నేను ఆడలేను. అది నాది కాదని బల్ల దగ్గర అందరికీ తెలిసిపోయింది. నాలుగో కుర్చీ ఖాళీగా ఉంచారు. నేను పక్కన నుంచుని నీకు పాచికలు అందిస్తాను.

పిచ్చుక


మేడమీది గది
ఆగస్టు 18
లేఖ నం. 1, కొత్త వరస

చెల్లికి,

నీ చీటీ చేరింది. ఎల్ఫు భాషలో తప్పులు లేవు. తెలుగులో ఒకటి ఉంది. "ఉన్నత ఎల్ఫుగారికి" అన్నావు. "అక్కకు" అని ఉండాలి.

పుట్టిన తేదీ మారదు. దాన్ని మార్చే అధికారం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కానీ నమోదులో పొరపాటు జరిగితే ఏం చేయాలో నువ్వే నాకు మూడుసార్లు చదివి వినిపించావు: చెరపకూడదు, గీకకూడదు, అంచులో ఎర్రసిరాతో సవరణ రాసి సంతకం, తేదీ వేయాలి. కాబట్టి ఆ ఫ్రేము విప్పించి నకలు బల్ల మీద పెట్టించు. పెన్ను నేను తెస్తాను. అంచులో రాయబోయే మాటలు ఇవి:

"ఈమె వయసులో నుంచి రెండేళ్ళు ఈమె అక్క వయసులోకి బదిలీ చేయడమైనది. కారణం: ఆ రెండేళ్ళు ఈమె చదవగా బతికింది అక్క."

రెండేళ్ళు గాల్లో కలిసిపోవడానికి నేను ఒప్పుకోను గనుక, నేటి నుంచి నాకు డెబ్బై అయిదు నిండినట్టు. నీకు అరవై తొమ్మిది. ఇకపై నీకంటే ఆరేళ్ళు పెద్దదాన్ని అవుతాను. నా మాట వినాల్సిన బాధ్యత నీకు ఆ మేరకు పెరుగుతుంది, అది గుర్తుంచుకో.

కేకు ఒప్పు.

వెండిగాలి కాగితంలో కూడా సవరణలు చేశాను. 209–211 పక్కన: "గనుల జాతి మనిషి ఒకతె తవ్వి తీసింది." 212 దగ్గర "సొంతంగా" కొట్టేశాను. 303–312 దగ్గర చాలాసేపు ఆలోచించాను. మూడు పేరాలు రాసి చించాను. చివరికి ఒక్క మాట సరిపోయింది: "అలిగింది."

ఆదివారం ఉదయం తొమ్మిదీ పదికి రైలెక్కుతాను. పిచ్చుక అడిగితే బస్సులో కాళ్ళు చాపుకోవచ్చని రాశాను. అబద్ధం. ఆ బస్సులో కాదు గదా, మరే బస్సులోనూ నా కాళ్ళు పట్టవు. తొమ్మిదేళ్ళుగా నేను ఏ ప్లాట్‌ఫారం మీదా నిలబడలేదు. ఎక్కడ నిలబడినా పైనుంచి నువ్వు మాట్లాడతావు, నాకు తిరిగి మాట్లాడే దారి ఉండదు. ఈసారి పూర్తిగా వింటాను. బండి లేటైతే ఎన్ని నిమిషాలో రాసుకొస్తాను.

ఎల్ఫుల భాషలో క్షమాపణకు మాట లేదట, ఆటపెద్ద పుస్తకంలో ఉందని పిచ్చుక ఎప్పుడో రాసింది. మన భాషలో ఉంది గానీ నాకు నోరు తిరగదు. వాడే అలవాటు లేక. అందుకని నీ మాటే తీసుకుంటున్నాను. నువ్వు ఇరవై తొమ్మిదేళ్ళు ఊరందరికీ చెప్పావు, నీ తప్పు ఒక్కసారీ లేకపోయినా చెప్పావు. శుక్రవారం తర్వాత నువ్వు అనగలవో లేదో డాక్టరు చెప్పలేనన్నాడు. అందుకని ఆదివారం బల్లకు నీ పక్కనే కూర్చుని, నీకు వినపడేలా, ఇది నేను అంటాను. నీది రైల్వే తరఫున, బహువచనం. నాది ఏకవచనం. తేడా గమనించు.

కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాను.

అక్క